తీరుబడి మాటలు: కాచుకొనే విద్య

మన కుటుంబాలలో ఈమధ్య పెండ్లిమాటలు నడిచే చోట ఒక ప్రశ్న తరచు వినబడుతున్నది. “అమ్మాయి కంప్యూటరు కంపెనీలో ఉన్నదన్నారు, సంతోషం. ప్రోగ్రాములు వ్రాసే పనా, లేక వట్టి టెస్టింగేనా?” అని వరుని వైపు పెద్దలు అడుగుతారు. అమ్మాయి తండ్రికి ఏమి జవాబు చెప్పాలో తోచదు. అమ్మాయికి తెలుసు గాని, అటువంటి చోట ఆమెను ఎవరూ అడగరు. “వట్టి” అనే ఆ ఒక్క మాటతో సంబంధం ఒక మెట్టు దిగిపోతుంది. అటుపిమ్మట మాటల ధోరణే మారిపోతుంది.

మేము కచేరీలో కాగితాలు సర్దుకొనే గుమాస్తాలమే గాని యంత్రాల మర్మం చదివినవారము కాము. మా చదువు మెట్రిక్యులేషనుతోనే ఆగిపోయినది. ఐనా ఈ వెల్లిచందై నుంచి, పాలకోడు నుంచి, హోసూరు నుంచి బెంగుళూరికి పోయి ఈ పని చేస్తున్న మన పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా అడిగి, వారు చెప్పినది చదివి సరిచూచుకొని, మాకు బోధపడినంత మేరకు ఈ నెల వ్రాస్తున్నాము. చదివిన తరువాత ఆ “వట్టి” అనే మాట నిలుస్తుందో లేదో పాఠకులే తేల్చుకోవచ్చును.

ముందుగా రెండు పేర్లు తెలియాలి. రేషను అంగడిలో వ్రేలు పెట్టించుకొనే చిన్న యంత్రం ఉన్నది గదా, దాన్ని క్లయింటు అంటారు. అనగా అడిగేది. ఎక్కడో దూరాన కార్డుల లెక్కలన్నీ పెట్టుకొని, “ఔను, ఈమెకు ఈ నెల బియ్యం ఇంకా ఇవ్వవలసి ఉన్నది” అని బదులు చెప్పే పెద్ద యంత్రాన్ని సర్వరు అంటారు. అనగా అడిగినదానికి బదులిచ్చేది. కచేరీలో కిటికీ దగ్గర కూర్చున్న గుమాస్తా అడుగుతాడు, రికార్డు గదిలోని గుమాస్తా ఫైలు తీసి ఇస్తాడు. ఇదీ అంతే. బ్యాంకు, రైలు టిక్కెట్టు, కరెంటు బిల్లు, ఫోనులో డబ్బు పంపడం, అన్నీ ఈ వరుసలోనే నడుస్తున్నవి.

కిటికీ గుమాస్తా నేర్పరే. రికార్డు గుమాస్తా కూడా నేర్పరే. ఐనా పొద్దున వచ్చిన ముసలమ్మ సాయంత్రం వట్టి చేతులతో తిరిగిపోయే రోజులు ఉంటవి. ఇతడు పంపిన చీటీ అతనికి చేరలేదు, లేక అతడు గది తలుపు తీయక ముందే ఇతడు కేక వేసి “లేడు” అని వ్రాసుకున్నాడు. తప్పు ఇతనిలోనూ లేదు, అతనిలోనూ లేదు, ఇద్దరి నడుమ ఉన్నది. ఆ నడుమ ఉన్న తప్పును వెదికి పట్టడమే మన పిల్లలు చేసే పనిలో కష్టమైన భాగం.

ఇక రెండవ సంగతి. ఇటువంటి ప్రోగ్రాములు ఒకరు వ్రాసి ముగించేవి కావు. యాభై మంది, వంద మంది కూర్చొని రోజూ మార్పులు చేస్తూనే ఉంటారు. ఎవరు ఏ మార్పు చేసినా దాన్ని వెంటనే తీసుకొని, తక్కినవారి పనితో కలిపి, నడిచే ప్రోగ్రాముగా కూర్చి, పరీక్షించి, బాగుంటేనే తరువాతి మెట్టుకు పంపే ఏర్పాటు ఒకటి ఉంటుంది. కూర్చడాన్ని బిల్డు అంటారు, ఈ మెట్ల వరుసను పైపులైను అంటారు. చక్కెర మిల్లు చూచినవారికి, అందులోనూ మన పాలకోడు సహకార మిల్లుకు చెరకు తోలినవారికి, ఇది వింత కాదు. గేటు దగ్గర తూకం, తరువాత గానుగ, రసం వడగట్టడం, కాచడం, పలుకు కట్టడం, చివరికి బస్తా. రసంలో మురికి ఉంటే కాచక ముందే తెలియాలి. బస్తా కుట్టిన తరువాత తెలిస్తే ఆ నష్టం మిల్లుదీ, కొన్నవానిదీ కూడా.

ఈ వరుస నడిపే సాధనాలలో జెంకిన్స్ అనేది పేరుపొందినది. కోసుకె కవాగుచి అనే జపాను ఇంజనీరు సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీలో ఉండగా 2004 లో హడ్సన్ అనే పేరుతో దీన్ని మొదలుపెట్టినాడు. 2011 లో పేరు జెంకిన్స్ అయినది. దాని ముద్ర మీద కోటు తొడిగి, చేతి మీద తువాలు వేసుకొని నిలుచున్న ఒక బట్లరు బొమ్మ ఉంటుంది. బొమ్మ తగినదే. పెద్ద యింటి బట్లరు అన్ని పనులూ తన చేతితో చేయడు గదా. ఎవరు ఏ పని చేయాలో చెప్పి, అయినదా లేదా అని కనుక్కుంటాడు. ఇక్కడా ఒక నడిపించే యంత్రం, దాని మాట విని పనిచేసే యంత్రాలు పది, ఇరవై ఉంటవి.

ఒక్క యంత్రం మీద ఒక్క ప్రోగ్రామును పరీక్షించడం సుళువు. త్రాసులో తూకపురాయి వేసి ముల్లు చూచుకోవడం వంటిది. రెండు యంత్రాలను ఒకేసారి పరీక్షించవలసి వచ్చినప్పుడే చిక్కంతా. ఒకదానిలో సర్వరు లేవాలి. రెండవదానిలో క్లయింటు లేచి దాన్ని అడగాలి. మూడవదానిలో ఇంకొక క్లయింటు ఉండి, మొదటిది అడుగుతున్న సమయంలోనే తానూ అడగాలి. ఒకే ఖాతా నుంచి ఇద్దరు ఒకేసారి డబ్బు తీస్తే ఏమవుతుందో అప్పుడే తెలుస్తుంది. ఇదంతా మనిషి దగ్గర లేకుండా, అర్ధరాత్రి, తానుగా జరిగిపోవాలి.

సర్వరు లేవడానికి కొంత వ్యవధి పడుతుంది. క్లయింటు తొందరపడి ముందే అడిగితే జవాబు రాదు. పరీక్ష తప్పినట్టు వ్రాసుకుంటుంది. నిజానికి ప్రోగ్రాములో దోషమేమీ లేదు. దీనికి చేయి తిరగనివారు చేసే మందు ఒకటి ఉన్నది. “అడిగే ముందు ముప్పై సెకన్లు ఆగు” అని వ్రాసి పెడతారు. ఇది రెండు విధాల చెరుపు చేస్తుంది. యంత్రం అలసటగా ఉన్న రోజున ముప్పై చాలవు, పరీక్ష ఊరకే తప్పుతుంది. చురుకుగా ఉన్న రోజున ఐదు సెకన్లలో పని అయిపోయినా తక్కిన ఇరవై ఐదూ దండుగ. అటువంటి పరీక్షలు 200 ఉన్నవనుకోండి. ఒక్కొక్కదానికి ముప్పై సెకన్ల లెక్కన 6,000 సెకన్లు, అనగా వంద నిమిషాలు, వరుసగా నడిపితే ఏ పనీ చేయకుండా కూర్చోవడానికే పోతుంది.

మన పెండ్లిళ్ళలో గట్టిమేళం ఎప్పుడు మ్రోగుతుంది? ముహూర్తం పత్రికలో అచ్చువేసే ఉంటుంది. ఐనా నాదస్వరంవాడు గడియారం చూచి ఊదడు, డోలువాడు గడియారం చూచి కొట్టడు. పురోహితుని చేయి వంక చూస్తూ ఉంటారు. ఆయన వ్రేలు ఆడించగానే మేళం మ్రోగుతుంది, అక్షింతలు పడతవి. వరుని చేతిలో సూత్రం సిద్ధంగా ఉన్నదో లేదో గడియారానికి తెలియదు, పురోహితునికి తెలుసు. పరీక్షలలోనూ ఇదే పద్ధతి. సర్వరు లేచి, “నేను సిద్ధం” అని ఒక గుర్తు నిలబెడుతుంది. క్లయింటు ఆ గుర్తును చూచిన తరువాతనే అడుగుతుంది. గడియారాన్ని నమ్మి కాచుకోవడానికీ, మాటను నమ్మి కాచుకోవడానికీ ఉన్న తేడా ఇదే.

గుర్తులలో రెండు జాతులు మేము అర్థం చేసుకున్నాము. మొదటిది మన ఊరి పేరులోనే ఉన్నది. తమిళంలో “వెళ్ళి” అంటే వెండి అనీ అర్థమే, శుక్రవారమనీ అర్థమే. “చందై” అంటే సంత. శుక్రవారపు సంత అని పేరు పలుకుతున్నది. వారంలో ఏడు రోజులుండగా ఒక్క రోజును ఎందుకు కట్టినారు? అమ్మేవాడు సోమవారం, కొనేవాడు బుధవారం వస్తే ఇద్దరూ ఉత్తచేతులతో పోవలసినదే. అందరూ ఒకచోట చేరేదాకా బేరం లేదు, చేరిన తరువాత ఆలస్యం లేదు. కంప్యూటరు మనుషులు దీన్ని బారియర్ అంటారు. ముగ్గురు రావలసి ఉంటే ముగ్గురూ వచ్చేదాకా ఎవరూ అడుగు ముందుకు వేయరు. మూడవవాడు రాగానే ముగ్గురూ ఒకేసారి కదులుతారు.

రెండవ జాతి గుర్తు పాతకాలపు ఒంటిదారి రైలు మార్గాలలో ఉండేది. స్టేషను మాస్టరు ఇచ్చిన టోకెను చేతిలో లేనిదే డ్రైవరు ముందున్న దారిలోకి బండి తోలరాదు. ఆ దారికి టోకెను ఒకేసారి రెండు బయటికి రావు. కాబట్టి ఎదురుగా ఇంకొక బండి వచ్చే భయం ఉండదు. కంప్యూటరులో దీనికి మ్యూటెక్స్ అని పేరు. ఒకే వస్తువును ఇద్దరు ఒకేసారి తాకకుండా కాపాడేది ఇదే. ఈ పోలిక మేము తెచ్చిపెట్టినది కాదు. 1960ల తొలి సంవత్సరాలలో డచ్చి దేశస్థుడు ఎడ్జర్ డైక్‌స్ట్రా ఈ ఊహకు ఒక రూపమిచ్చి, దానికి సెమఫోరు అని రైలు పరిభాష నుంచే పేరు తీసుకున్నాడు. తమిళంలో మనం కైకాట్టి అనే రైలు సిగ్నలే సెమఫోరు.

ఆ డైక్‌స్ట్రాయే 1965 లో విద్యార్థులకు పరీక్షలో ఇచ్చిన ఒక లెక్క, తరువాత ఐదుగురు తత్త్వవేత్తల భోజనం అనే కథగా వాసికెక్కినది. గుండ్రని బల్ల చుట్టూ ఐదుగురు, వారి నడుమ ఐదు ఫోర్కులు. ఒకడు తినాలంటే అటుదీ ఇటుదీ రెండూ కావాలి. ఐదుగురూ ఒకేసారి ఎడమ చేతివైపుది తీసుకొని, కుడివైపుది ఖాళీ అయ్యేదాకా మర్యాదగా కాచుకున్నారు. ఎవరూ వదలరు, ఎవరూ తినరు, ఆకలితో కూర్చోవలసినదే. “మొదట మీరు”, “కాదు, మొదట మీరు” అని గడపలో నిలుచుండిపోయిన వియ్యంకులవలె యంత్రాలు కూడా నిలుచుండిపోతవి. పొద్దున వచ్చి చూస్తే రాత్రంతా ఏమీ జరగలేదని తెలుస్తుంది. కాబట్టి కాచుకోవడం నేర్పినవాడు ఎంతసేపు కాచుకోవాలో కూడా నేర్పాలి. విందుకు పిలిచిన చుట్టం ఎనిమిది గంటలకు రాకపోతే తొమ్మిదిదాకా చూచి, వడ్డన ముగించి, “ఫలానావారు రాలేదు” అని చెప్పుకుంటాము గదా. అంతే. గడువు ఉండాలి, గడువు దాటితే ఎవరు రాలేదో పేరు వ్రాసి ఉండాలి.

ఈ పద్ధతులన్నీ ఒకచోట చూడాలంటే ఓపెన్‌క్యూఏ అనే సాధనాన్ని చూడవచ్చును. ఓపెన్‌సూసె అనే లినక్సు తయారుచేసేవారు దీన్ని వాడుతున్నారు, ఫెడోరా వారు కూడా వాడుతున్నారు. ఇది తెర మీది బొమ్మను తన దగ్గర ఉన్న బొమ్మతో పోల్చి చూస్తూ, మనిషి నొక్కినట్టే మీటలు నొక్కుతూ పరీక్షిస్తుంది. ఒకటికి మించి యంత్రాలు కావలసిన పరీక్షలో, ఫలానా పని ఫలానా పనితో జోడుగా నడవాలని ముందే వ్రాసి పెడతారు. పైన చెప్పిన మ్యూటెక్స్, బారియర్ రెండూ అందులో ఉన్నవి. మాకు బాగా నచ్చినది ఇంకొకటి. జోడులో ఒకటి పడిపోతే రెండవదాన్ని ఊరకే కాచుకోనివ్వదు, ఆపివేస్తుంది. ఆపి, దాని పేరుకు ఎదురుగా “తప్పినది” అని వ్రాయదు, “జోడు తప్పినందువల్ల ఆగినది” అని వేరే ముద్ర వేస్తుంది.

గుమాస్తాలకు ఈ తేడా విలువ తెలుసు. రిజిస్టరులో తానుగా తప్పినవానికీ, తోడివాని వల్ల ఆగినవానికీ ఒకే గడి ఉంటే నింద ఇద్దరికీ సమంగా పడుతుంది, అసలు దోషి దొరకడు. రెండు గడులు ఉంటే పొద్దున వచ్చిన అమ్మాయి మొదట ఎక్కడ వెదకాలో ఒక్క చూపులో తెలుసుకుంటుంది.

వెదికేటప్పుడు ఇంకొక చిక్కు వస్తుంది. ప్రతి యంత్రమూ తాను చేసినదంతా దినచర్యవలె వ్రాసుకుంటుంది. దాన్ని లాగు అంటారు. మూడు యంత్రాల లాగులూ ఒకచోట చేర్చి చదివితేనే కథ తెలుస్తుంది. కాని మూడింటి గడియారాలు ఒక్కటిగా ఉండవు. ఒకటి రెండు సెకన్లు ముందు నడిస్తే, ప్రశ్న కంటే జవాబే ముందు వచ్చినట్టు కనబడుతుంది. అందుకని గడియారాలను ఎప్పటికప్పుడు సరిచేస్తారు. అదీ చాలదని 1978 లో లెస్లీ లాంపోర్టు అనే అమెరికా పండితుడు ఒక వ్యాసంలో వేరే దారి చూపినాడు. గంటలు, నిమిషాలు వదిలి, జరిగినవాటికి వరుస సంఖ్యలు వేయమన్నాడు. జవాబుకు పడే సంఖ్య ప్రశ్న సంఖ్య కంటే ఎప్పుడూ పెద్దదై ఉండాలి. ఇది చదివినప్పుడు మాకు మా ఇన్‌వర్డు, అవుట్‌వర్డు రిజిస్టర్లు గుర్తుకు వచ్చినవి. వచ్చిన కాగితానికి ఒక నంబరు, పోయిన కాగితంలో ఆ నంబరును ఎత్తి చూపుతూ ఇంకొకటి. తారీకు చెరిగిపోయినా ఏది దేనికి జవాబో నంబరు చెబుతుంది.

ఇంత జాగ్రత్త తీసుకున్నా కొన్ని పరీక్షలు ఒకనాడు నెగ్గుతవి, ఒకనాడు తప్పుతవి, ప్రోగ్రాములో మార్పు ఏమీ లేకుండానే. వీటిని వారు ఫ్లేకీ పరీక్షలంటారు. నిలకడ లేనివని అర్థం. పైనుంచి తొందర పెట్టినప్పుడు, మళ్ళీ మళ్ళీ మీట నొక్కి నెగ్గినదాకా చూచి ముందుకు పంపేద్దామనే ఆశ ఎవరికైనా కలుగుతుంది. “నాన్నా పులి” అని ఊరకే అరిచిన పిల్లవాని కథ మనమందరమూ చదువుకున్నదే. మూడు సార్లు అబద్ధం చెప్పిన పరీక్షను నాలుగవసారి ఎవరూ నమ్మరు. పులి వచ్చేది ఆ నాలుగవసారే. కాబట్టి మంచి టెస్టరు తప్పిన పరీక్షను నెగ్గించడానికి చూడదు, ఎందుకు నిలకడ లేదో చూస్తుంది. ఆ రాత్రులే మన పిల్లలు ఫోనులో “ఇవాళ ఆలస్యమవుతుందమ్మా” అని చెప్పే రాత్రులు.

ఇదంతా ఎవరికోసం అని అడగవచ్చును. మూడు ఉదాహరణలు చెప్పి ముగిస్తాము.

ఇంగ్లండులో టి.ఎస్.బి. అనే బ్యాంకు 2018 ఏప్రిల్‌లో, ఒక వారాంతపు సెలవు రోజుల్లో, తన 52 లక్షల మంది ఖాతాదారుల లెక్కలను పాత యంత్రాల నుంచి కొత్తవాటికి మార్చినది. లెక్కలు భద్రంగానే చేరినవి. కాని జనం వచ్చి అడగడం మొదలుపెట్టగానే ఏర్పాటు తడబడినది. 19 లక్షల మందిదాకా తమ ఖాతాలను తెరచి చూచుకోలేకపోయినారు. సర్దుకొని మామూలు స్థితికి వచ్చేటప్పటికి డిసెంబరు అయినది. తరువాత విచారణ చేసిన న్యాయవాదుల సంస్థ 2019 నవంబరులో బయటపెట్టిన సంగతి ఇది. ఆ బ్యాంకు పని నడిపే యంత్రశాలలు రెండు. రెండూ ఒకేసారి పనిచేయవలసినవి. జనం రద్దీని ఓర్చుకుంటవా అనే పరీక్ష మాత్రం ముందుగా ఒకదాని మీదనే జరిగినది. 2022 డిసెంబరులో అక్కడి అధికార సంస్థలు బ్యాంకు మీద 4 కోట్ల 86 లక్షల 50 వేల పౌండ్ల జరిమానా వేసినవి. పరీక్ష జరగలేదని ఎవరూ అనలేరు, జరిగినది. రావలసిన ఇద్దరిలో ఒకరు రాకుండానే సంత ముగించినారు.

రెండవది మనవారి మధ్య జరిగినది, వ్రాయడానికి మనసు రావడం లేదు. తెలంగాణాలో 2019 ఏప్రిల్ 18 న ఇంటరు ఫలితాలు వచ్చినవి. వ్రాసినవారు తొమ్మిది లక్షలకు పైబడి, తప్పినవారు మూడు లక్షలకు పైబడి. మార్కుల లెక్క అంతకు కొంతకాలం ముందు కొత్త ఏర్పాటు చేతికి మారి ఉన్నది. తెలుగులో సున్న వచ్చినదని చూపిన ఒక అమ్మాయికి, మళ్ళీ చూస్తే 99 మార్కులు ఉన్నవి. అక్కడ తప్పు పేపరు దిద్దిన చేయి గుండ్రాలు నింపేటప్పుడు జరిగినది. ఆ గుండ్రాలను చదివిన యంత్రం కనబడినది కనబడినట్టే చెప్పినది. తెలుగులో సున్న తెచ్చుకున్న ఈ పిల్లకు తక్కిన పేపర్లలో ఎన్ని వచ్చినవో ఒకసారి పోల్చి చూడమని ఆ చేతికీ ఈ యంత్రానికీ నడుమ ఎవరినీ నిలబెట్టలేదు. ఆ వారాలలో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అన్నిటికీ ఒక యంత్రమే కారణమనడం న్యాయం కాదు, ఒక్కొక్క ఇంటి దుఃఖం ఒక్కొక్క విధం. ప్రభుత్వం ముగ్గురితో విచారణ సంఘం వేసినది, తప్పినవారందరి పేపర్లూ ఉచితంగా మళ్ళీ చూపించినది. అప్పుడు వెయ్యి మందికి పైగా నెగ్గినట్టు తేలినది. కొత్త ఏర్పాటును కొన్నాళ్ళు పాతదానితో జోడుగా నడిపి, రెండిటి అంకెలూ పక్కపక్కన పెట్టి చూచుకోవడం ఎంత అవసరమో మాకు వేరే చెప్పనక్కరలేదు. కచేరీలో కొత్త లెడ్జరు ఎత్తుకున్నప్పుడు కూడా కొంతకాలం పాతదాన్ని మూయము.

మూడవది సంతోషించదగినది. 2023 అక్టోబరు 21 న తిరుపతి జిల్లా శ్రీహరికోటలో, మనుషులను ఆకాశానికి పంపే గగనయాన్ కోసం ఒక పరీక్షా రాకెట్టును ఎగరవేయడానికి సిద్ధం చేసినారు. ఎనిమిదింటికి అనుకున్నది వాతావరణం వల్ల 8.45 కు జరిగినది. ఇంక ఐదు సెకన్లే ఉన్నవనగా ఆగిపోయినది. ఆపినది మనిషి కాదు. చివరి ఘట్టాన్ని నడిపే కంప్యూటరు, అన్ని భాగాల నుంచి రావలసిన జవాబులు అనుకున్నట్టు రానందువల్ల, తానుగా ఆపివేసినది. శాస్త్రజ్ఞులు కారణం వెదికి, సరిచేసి, పది గంటలకు మళ్ళీ వదిలినారు. మనుషులు కూర్చోవలసిన గది ఖాళీగా పైకిపోయి, గొడుగుల సాయంతో బంగాళాఖాతంలో క్షేమంగా దిగినది. అంతకు ముందు 2019 జులై 15 న చంద్రయాన్-2 కూడా ఎగరడానికి 56 నిమిషాలు ఉండగా ఆగి, వారం తరువాత 22 న బయలుదేరినది. ఆ రోజు టి.వి. ముందు కూర్చున్నవారిలో కొందరు “అయ్యో, ఆగిపోయినదే” అన్నారు. ఆగడమే ఆ ఏర్పాటు చేయవలసిన పని. అది చేసినది.

రాకెట్టుకు ఐదు సెకన్ల ముందు “వద్దు” అనగలిగిన ఏర్పాటును ఎవరో కూర్చొని ఆలోచించినారు. ఏ భాగం ఏ జవాబు చెప్పాలి, ఎంతసేపట్లో చెప్పాలి, చెప్పకపోతే తక్కినవాటికి ఎవరు తెలపాలి అని ఒక్కొక్కటిగా వ్రాసి పెట్టినారు. బెంగుళూరులో మన పిల్లలు చేసేది రాకెట్టు పని కాకపోవచ్చును. బ్యాంకు లెక్కో, ఆసుపత్రి చీటీయో, రైలు టిక్కెట్టో కావచ్చును. ఆలోచన మాత్రం ఆ జాతిదే. ప్రోగ్రాము వ్రాసేవారికి తాము వ్రాసిన భాగం తెలిస్తే చాలు. దాన్ని పరీక్షించే అమ్మాయికి ఆ భాగమూ తెలియాలి, దానితో మాట్లాడే భాగమూ తెలియాలి, రెండూ మాట్లాడుకోకపోతే ఏమవుతుందో కూడా తెలియాలి.

ఇందులో ప్రోగ్రాము వ్రాసేవారిని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. చాలా చోట్ల వ్రాసేవారే పరీక్షలూ వ్రాస్తున్నారు, పరీక్షించేవారు వ్రాయడమూ నేర్చుకుంటున్నారు. పైన చెప్పిన బారియర్లు, గడువులు, ముద్రలు, ఇవన్నీ కూడా ప్రోగ్రాములే గదా. రెండు పనులకూ నడుమ గోడ కట్టి ఒకటి పైమెట్టు, ఒకటి క్రిందిమెట్టు అని చెప్పడానికి పెండ్లిపెద్దలకు ఆధారమేమీ లేదు.

కాబట్టి వరుని వైపు పెద్దలకు మా మనవి ఇది. ఈసారి అటువంటి అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు తండ్రిని కాక అమ్మాయినే అడగండి. “నీ దగ్గర ఏ యంత్రం దేనికోసం కాచుకుంటుంది తల్లీ? ఒకటి పడిపోతే తక్కినవాటికి ఎట్లా తెలుస్తుంది?” అని. ఆమె చెప్పడం మొదలుపెడితే కాఫీ చల్లారిపోతుంది, ఫరవాలేదు. అబ్బాయి కూడా అదే రంగంలో ఉంటే అతనినీ అడగవచ్చును. వాడు వ్రాసినదాన్ని ఇంతవరకు ఎవరు పరీక్షించి పంపుతున్నారో వాని నోటనే విందాము.